ఓర్పు, పట్టు, నిరీక్షణ: నంద్యాల సీమలో క్రైస్తవ విశ్వాస నిలకడ

తెలుగునాట క్రైస్తవ చరిత్రను రాసినవారిలో అధికులు 'ఎందుకు చేరారు' అన్న ప్రశ్న చుట్టూనే తిరిగారు. మిషనరీలు దైవప్రేరణ అన్నారు. విమర్శకులు కరువు గంజి అన్నారు. ఇటీవలి సామాజిక చరిత్రకారులు ఆత్మగౌరవ కాంక్ష అన్నారు. పరస్పరం విరుద్ధంగా కనిపించే ఈ మూడు సమాధానాలకూ ఒక లోపం ఉమ్మడిగా ఉంది. మూడూ బాప్తిస్మం జరిగిన దినంతో ఆగిపోతాయి. ఆ మరునాడు ఉదయం ఊరి పెత్తందారు కబురు పంపితే డప్పు పట్టుకుని వెళ్లాలా వద్దా అన్న సంకటం నుంచి మొదలయ్యే జీవితం వీటిలో చోటు చేసుకోదు. చేరడం ఒక దినపు చర్య. నిలవడం తరాల పని. ఎర్రమల, నల్లమల కొండల నడుమ ఉన్న నంద్యాల సీమను ఆధారం చేసుకుని ఈ రెండవ విషయాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఈ సీమలో విశ్వాస నిలకడ వ్యక్తి మనోదార్ఢ్యం కన్నా ఎక్కువగా పల్లె ఉమ్మడిగా నేర్చుకున్న అలవాటని, ఆ అలవాటుకు అతి పెద్ద పరీక్ష బయటి వారి నుంచి కాక సంఘం లోపలి నుంచే వచ్చిందని ఇందులోని ప్రతిపాదన.

సీమ స్వరూపం

ఈ సీమకు పడమటి అంచున ఎర్రమలల్లో బేతంచెర్ల ఉంది. నాపరాళ్లకు పేరుపడిన ఊరు. దాని చేరువలోని బిల్లసర్గం గుహలను 1880లలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ తవ్వించడంతో పురాచరిత్ర పరిశోధకులకు కూడా ఇది పరిచితమైంది. తూర్పున నల్లమల, నడుమ కుందూ నది, నల్లరేగడి. బేతంచెర్లకు పొరుగునే ఉన్న బనగానపల్లె 1948 దాకా ఒక చిన్న సంస్థానం. కర్నూలు నవాబు రాజ్యం 1839లో కుంపిణీ వశమైంది. 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు కోయిలకుంట్ల, కంభం, మార్కాపురం తాలూకాలు అందులో చేరాయి. నల్లమలకు తూర్పున ఉన్న కంభం, మార్కాపురాలు 1970 వరకు ఈ జిల్లాలోనివే. నంది కనుమ మీదుగా గిద్దలూరుకు, అక్కడినుంచి కంభానికి సాగే బాట ఈ చరిత్రలో ముఖ్యమైనది. కొండకు ఇరువైపులా రెండు వేర్వేరు మిషన్లు పనిచేసినా, పల్లెల చుట్టరికాలు ఆ బాట వెంట నడిచాయి.

లండన్ మిషన్ 1822లో కడపలో స్థిరపడింది. ఆ మిషన్‌లో పనిచేసిన విలియం హోవెల్ తరువాత ఆంగ్లికన్ సంఘానికి చెందిన ఎస్.పి.జి.లో చేరాడు. 1850లలో జాన్ క్లే ముత్యాలపాడు కేంద్రంగా పనిచేశాడు. అటుపై కలసపాడు, నంద్యాల కేంద్రాలయ్యాయి. నంద్యాలలో ఉపాధ్యాయులకు, ఉపదేశులకు శిక్షణ ఇచ్చే పాఠశాల 1880లలో వెలిసింది. చేరినవారిలో మాలలు ఎక్కువ. కొండకు ఆవల అమెరికన్ బాప్తిస్టుల క్షేత్రంలో మాదిగలు ఎక్కువ. ఈ తేడాను మిషన్ల చరిత్రలు యాదృచ్ఛికమన్నట్లు దాటవేస్తాయి గానీ, ఏ పేట ముందు చేరితే రెండవ పేట మరో మిషన్ వైపు చూడటం తెలుగు పల్లెలో సహజ పరిణామమే.

పైన చెప్పిన కేంద్రాలన్నీ కుందూ లోయలోనో దానికి తూర్పునో ఉన్నాయి. పడమటి మెట్ట ఊళ్లకు దొర రాక అరుదు. అక్కడ సంఘమంటే ఉపదేశే. ఆయన కూడా ఆ కులంవాడే, కొద్దిపాటి చదువరి, కొద్దిపాటి జీతగాడు.

మాటల సాక్ష్యం

ఇక్కడ భాషను కొంచెం పట్టించుకోవాలి. క్రైస్తవ తెలుగులో కొన్ని మాటలకు లోకవ్యవహారంలో లేని అర్థచ్ఛాయ ఉంది. 'శ్రమ' అంటే లోకంలో కష్టించి చేసే పని. సంఘంలో అది పడే బాధ. 'సాక్ష్యం' కచేరీ మాట. సంఘంలో అది తన జీవితాన్ని నలుగురి ముందు చెప్పుకోవడం. వీటన్నిటికన్నా విశేషమైనది 'నిరీక్షణ'. లోకంలో అది ఎదురుచూపు. పంతొమ్మిదవ శతాబ్దిలో విశాఖపట్నం లండన్ మిషన్‌కు చెందిన జాన్ హే మొదలైనవారి కృషితో రూపుదిద్దుకున్న బైబిలు తెలుగులో అది భవిష్యత్తుపై నమ్మికకు పర్యాయపదమైంది. ఆ తావులో 'ఆశ' అనవచ్చు. అయితే తెలుగు నీతి సాహిత్యంలో ఆశకు పేరాస వాసన అంటుకుని ఉంది. వేమన చదివిన జాతికి ఆశ మంచి గుణంగా చెప్పడం కష్టం. ఆ చిక్కు తప్పించుకోవడానికే ఎంచుకున్నారో లేదో గానీ, ఎదురుచూపునే నమ్మికగా చెప్పే మాట మెట్టసేద్యపు సీమకు తగినట్లుగా అమరింది. వానకోసం ఆకాశం వైపు చూసే మనిషికి నమ్మడం, ఎదురుచూడటం వేర్వేరు క్రియలు కావు.

ఓర్పు విషయంలో కూడా నేల ముందే దున్ని ఉంది. బనగానపల్లెలో గడిపి, కడప సీమలోని కందిమల్లాయపల్లెలో స్థిరపడ్డ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి సంప్రదాయం ఈ ప్రాంతపు అట్టడుగు కులాలలోకి లోతుగా పాకింది. ఆయన శిష్యులలో దూదేకుల సిద్దయ్య, మాదిగ కక్కయ్య ప్రసిద్ధులు. గురువును నమ్మడం, ఉపదేశం పొందడం, విగ్రహారాధనను ప్రశ్నించడం, కులపెద్దల కోపాన్ని భరించడం ఈ మార్గంలో అలవడిన గుణాలు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో వెలువరించిన 'వైల్ సూయింగ్ శాండల్స్' గ్రంథం మాదిగలలోని ఈ రాజయోగ శాఖలను వివరంగా నమోదు చేసింది. బాప్తిస్టు ఉద్యమానికి ఆదిపురుషుడైన ఎర్రగుంట్ల పేరయ్య ఆ మార్గం నుంచి వచ్చినవాడే. క్రైస్తవ 'ఉపదేశి' అన్న మాటలో పాత గురుమార్గపు 'ఉపదేశం' వినిపించడం కాకతాళీయం కాదు. విశ్వాసం కోసం నిలబడటమనే విద్యను మిషన్ ఈ పల్లెలకు కొత్తగా నేర్పలేదు. నేర్చిన వారి దగ్గరికి వచ్చింది.

ఒంటరి నక్షత్రం

నిరుత్సాహం విషయంలో దొరలకూ అనుభవం తక్కువేమీ లేదు. 1836లో శామ్యూల్ డే ఆరంభించిన అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషన్ 1840లో నెల్లూరు చేరింది. ఏళ్ల తరబడి ఫలితం కనిపించలేదు. దాన్ని మూసివేయాలన్న ప్రతిపాదన 1848లో, 1853లో, 1862లో అమెరికాలోని పెద్దల ముందుకు వచ్చింది. పటంలో దానికి తోడుగా మరో కేంద్రం లేనందున 'ఒంటరి నక్షత్రం' అన్న పేరు పడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండపై లైమన్ జ్యువెట్ దంపతులు చేసిన ప్రార్థన మిషన్ సాహిత్యంలో పురాణగాథ అయింది. ఆ కొండ ఎక్కినవారు అయిదుగురు. మిగిలిన ముగ్గురు క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు అనే తెలుగువారు. జ్యువెట్ దంపతులు విసుగు చెందితే ఓడ ఎక్కగలరు. ఆ ముగ్గురికి వెనక్కి వెళ్లే ఇల్లు లేదు. మిషన్ సాహిత్యం ఈ భేదాన్ని గుర్తించి ఉంటే ఆ కథ మరింత బరువుగా ఉండేది.

జాన్ క్లఫ్ వచ్చాక 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. చేరేవారికి పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలను కొలవరాదు. పైకి ఇవి మతనియమాలు. పల్లె లెక్కలో మూడూ ఆర్థిక నిబంధనలే. ఆదివారం పని మానడం వెట్టికి ఎదురు చెప్పడం. చచ్చిన పశువు మాంసం మానడమంటే దాన్ని ఈడ్చే బాధ్యత నుంచి తప్పుకునే తొలి అడుగు. విగ్రహం కొలవకపోవడమంటే జాతరలో డప్పు కొట్టకపోవడం. ఊరు ఊరుకోలేదు. పని ఆపివేయడం, బావి దారి మూయడం, దొంగతనం మోపి ఠాణాకు పంపడం వంటి శిక్షలను క్లఫ్ తన ఆత్మకథాత్మక గ్రంథంలో చెప్పాడు. ధాన్యం కూలిగా బతికే కుటుంబానికి పని ఆగడమంటే ఆ పూట పొయ్యి వెలగకపోవడం.

ధాత కరువు

1876లో ధాత నామ సంవత్సరంలో మొదలై ఈశ్వర నామ సంవత్సరం దాకా సాగిన కరువు ఈ సీమ చరిత్రను రెండుగా చీల్చింది. కర్నూలు జిల్లా జనాభా 1871లో 9,14,432. 1881లో 6,78,551. అంటే 2,35,881 మంది తగ్గారు. నాలుగో వంతుకు పైమాటే. ఇందులో వలసలు, పుట్టని బిడ్డలు కూడా ఉన్నా, చావులే అధికం. కుందూ పక్కన 1871 నాటికి కె.సి. కాలువ పారుతున్నా, పడమటి మెట్టకు దానితో పొత్తు లేదు. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌండు ధాన్యం, ఒక అణాకు కుదించాడు. రోజంతా మట్టి మోసే మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ వాదించాడు. ఆ వాదం గెలిచే లోపు నెలలు గడిచాయి.

కరువు తరువాత క్రైస్తవుల సంఖ్య పెరిగింది. 'గంజి క్రైస్తవులు' అన్న నింద ఇక్కడినుంచే బలపడింది. దీనిని నిరూపించడానికైనా ఖండించడానికైనా తేదీలు చూడాలి. క్లఫ్ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చాడు. ఆ కాలంలో, 1877 మార్చి మొదలు పదిహేను నెలల పాటు, ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారన్న అనుమానం ఆయనకే ఉంది. కాలువ పని ముగిసింది, సహాయ నిధి అయిపోయింది. వచ్చినవారితో ఇక ఇవ్వడానికేమీ లేదని చెప్పి చూశారు. జనం వెళ్లలేదు. 1878 జూన్ 16 మొదలు జూలై 31 వరకు 8,691 మంది బాప్తిస్మం పొందారు. అందులో జూలై 3 ఒక్కనాడే 2,222 మంది, గుండ్లకమ్మ ఒడ్డున. గంజి ఇచ్చినప్పుడు నీళ్లు లేవు, నీళ్లు ఇచ్చినప్పుడు గంజి లేదు. నిందకు ఇంతకన్నా గట్టి సమాధానం వాదనలలో దొరకదు.

అయినా మిషన్ సాహిత్యం చెప్పినట్టు ఇది శుద్ధ ఆధ్యాత్మిక ఘటన అనడం కూడా అతిశయమే. చావు ముంగిట తమను మనుషులుగా పలకరించిన వారెవరో జనం గుర్తుపెట్టుకున్నారు. జి. కళ్యాణరావు 'అంటరాని వసంతం' నవల కాలువ పనిలో సైతం అంటరానితనం ఎలా కాపలా కాసిందో చూపింది. ఆకలి అందరిదీ అయినా పార, తట్ట అందరికీ దొరకలేదు. ఈ నేపథ్యంలో లౌకిక కారణం, ఆధ్యాత్మిక కారణం అని విడదీయడమే కృత్రిమం. 1933లో వెలువడిన జె. వాస్కమ్ పికెట్ సామూహిక మతాంతరీకరణల అధ్యయనంలో తెలుగు ప్రాంతాలు కూడా ఉన్నాయి. చేరినప్పటి కారణం కంటే చేరిన తరువాత అందిన బోధ, సాహచర్యమే సంఘ జీవితాన్ని ఎక్కువగా నిర్ణయిస్తాయన్న దిశగా ఆయన నిర్ధారణలు సాగాయి. 'ఎందుకు నిలిచారు' అన్న ప్రశ్నకు ఇది తలుపు తెరుస్తుంది.

పిడికెడు బియ్యం

1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. తిరునెల్వేలి తమిళుడు; దోర్నకల్లు ఆయన పీఠం. 1920లలో నంద్యాల ప్రాంతపు ఎస్.పి.జి. సంఘాలు కూడా ఆయన పరిధిలోకి వచ్చాయి. అజరయ్య పల్లె సంఘాన్ని నిలిపిన తీరులో ఉపన్యాసాల కన్నా దినచర్యలే ముఖ్యం. పగలు పశువులు కాచే పిల్లలకు రాత్రి బడి. చదువు రాని పెద్దలకు విశ్వాస ప్రమాణం, ప్రభువు నేర్పిన ప్రార్థన, పది ఆజ్ఞలు కంఠస్థం. పనినుంచి వచ్చాక సాయంకాల ప్రార్థన. పురుషోత్తమ చౌధరి తరం నుంచి పేరుకున్న రాగతాళ యుక్తమైన కీర్తనలు. పంటనాడు కోత పండుగలో గింజలు, కోళ్లు, గుమ్మడికాయలు కానుకలు.

అన్నిటికన్నా ఆలోచింపజేసేది పిడికెడు బియ్యం. స్త్రీలు వంటకు గింజలు కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, వారాంతంలో సంఘానికి తెస్తారు. మెట్ట పల్లెలో బియ్యం పండుగనాటి తిండి, జొన్న, కొర్ర రోజువారీ తిండి. అందుకే ఇక్కడ పిడికెడు బియ్యం అన్నది పేరుకే. కుండలో పడేవి చాలాసార్లు జొన్నలే. గింజల కోసం మతం మారారన్న నింద మోసినవారే తమ గింజల నుంచి తీసి ఇవ్వడం ఒక విషయం. ఇచ్చేది సంపాదించే మగవాడు కాక వండే స్త్రీ కావడం మరో విషయం. ఈ సీమ సంఘ చరిత్ర దస్తావేజులలో బిషప్పులు, దొరలు, ఉపదేశులు ఉన్నారు. ఆ కుండ ఎవరిదో ఎక్కడా లేదు. కానీ సాయంకాల ప్రార్థనకు దీపం పెట్టేది, పిల్లవాణ్ణి బడికి తోలేది, పొయ్యి దగ్గర కీర్తన పాడేది ఆ కుండ గలామే. నిలకడ అనే మాటకు చరిత్రలో ఒక ముఖం వెతికితే ఆమె ముఖమే కనిపించాలి.

పట్టుదలా, పంతమా

1919లో తరంగంబాడిలో అజరయ్య అధ్యక్షతన మొదలైన సంఘైక్య ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. అజరయ్య దాన్ని చూడలేదు. 1945 జనవరి 1న కన్నుమూశారు. ఆ ఐక్యతను అందరికన్నా గట్టిగా కాదన్నది ఆయన సొంత మండలంలోని నంద్యాల ప్రాంతమే కావడం చరిత్ర చేసిన పరిహాసం. వేలాది ఆంగ్లికన్లు కొత్త సంఘంలో కలవక కలకత్తా మెట్రోపాలిటన్ పాలన కిందికి వెళ్లారు. దక్షిణాదిలోని ఒక మెట్టసీమ పల్లెలకు పై అధికారి హుగ్లీ ఒడ్డున ఉన్నాడు.

దీనిని అర్థం చేసుకోవడానికి బెంగ్ట్ సుండ్‌క్లర్ ఐక్యతా చరిత్ర, కాన్‌స్టన్స్ మిల్లింగ్టన్ నంద్యాల మండల చరిత్ర ప్రధాన ఆధారాలు. ఎస్.పి.జి. బంధం తెగితే బళ్లు, ఉపదేశుల జీతాలు ఏమవుతాయన్న భయం, దోర్నకల్లు దూరంపై అసంతృప్తి, స్థానిక నాయకత్వపు కలహాలు, తరాలుగా అలవాటైన ఆరాధన విధానంపై మమకారం ఇందులో కలిసి ఉన్నాయి. బయటివారికి ఇది పంతంగా కనిపించింది. లోపలివారు దీన్ని పట్టుదల అన్నారు. తెలుగులో ఈ రెండు మాటల మధ్య ఉన్న దూరం చాలా తక్కువ. ఎవరు ఎవరిని గురించి మాట్లాడుతున్నారన్న దానిపైనే అది ఆధారపడుతుంది.

ఇక్కడ ఒక నిర్ణయానికి రాక తప్పదు. ఊరి బహిష్కారానికి, కరువుకు తట్టుకోవడానికి పల్లె నేర్చిన విద్య ఒకటే: ఇచ్చిన మాట, నేర్చిన ప్రార్థన, తెలిసిన ఆచారం వదలకపోవడం. ఆ విద్యకు వేదాంత సూక్ష్మాలతో నిమిత్తం లేదు. ఎనభై ఏళ్లుగా 'వదలవద్దు' అని నేర్పిన సంఘం 1947లో 'ఇప్పుడు వదలండి' అంటే పల్లె వినకపోవడంలో ఆశ్చర్యం లేదు. నాయకుల లెక్కలు వేరు కావచ్చు. పల్లెవాసుల దృష్టిలో అది పాత నిలకడకు కొనసాగింపే. ఆ నిలకడకు మూల్యం కూడా వారే చెల్లించారు. ఒకే ఊరిలో, ఒకే వంశంలో రెండు విధేయతలు ఏర్పడినప్పుడు పెళ్లి, చావు, సమాధి చోటు అన్నీ తగాదాలయ్యాయి. బయటి హింసను కలిసి తట్టుకున్నవారు లోపలి చీలికను విడివిడిగా భరించవలసి వచ్చింది. నిరుత్సాహానికి ఇంతకన్నా లోతైన కారణం ఊరి పెత్తందారు కూడా ఇవ్వలేదు. 1963లో నంద్యాల ప్రత్యేక మండలమైంది. తరువాతి కాలంలో, చర్చలూ రాజీలూ గడిచాక, అది దక్షిణ ఇండియా సంఘంలోనే చేరింది.

రెండు దస్తావేజులు

ఈ కలహం నడుస్తుండగానే మరో పరీక్ష నిశ్శబ్దంగా వచ్చింది. 1950 నాటి రాజ్యాంగ షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడవ పేరా హిందువు కానివారిని ఆ జాబితాకు వెలుపల ఉంచింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు లభించింది. క్రైస్తవులకు లభించలేదు. 1985లో సూసై కేసులో సుప్రీంకోర్టు మినహాయింపును సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌లో వారిని బి.సి.-సి వర్గంలో చేర్చి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ వారికి షెడ్యూల్డు కులాల హోదా కోరుతూ తీర్మానించింది. వెట్టి కులానికే వచ్చింది, బావి దారి కులానికే మూసుకుంది. చట్టం మాత్రం ఆ కులం బాప్తిస్మపు నీళ్లలో కరిగిపోయిందని భావించింది. పర్యవసానంగా తెలుగు పల్లెలలో ఒకే మనిషికి రెండు దస్తావేజులు ఏర్పడ్డాయి: సంఘపు బాప్తిస్మ పుస్తకంలో ఒక పేరు, బడి రికార్డులో మరో పేరు, మరో మతం. దీన్ని కపటమన్నవారు ఉన్నారు. సంఘంలోని కొందరు పెద్దలే దీన్ని 'పడిపోవడం' అన్నారు.

'గబ్బిలం' రాసిన జాషువా ఇటు ఊరి దృష్టిలో అంటరానివాడు, అటు సంఘపు దృష్టిలో పురాణాలు చదివే అవిధేయుడు. ఆయన నడుమ నిలిచిన చోటు పల్లె క్రైస్తవుడు రోజూ నిలిచే చోటే. ఆదివారం ఉదయం గుడిగంట విని వెళ్లేవాడు సోమవారం తహసీలు కచేరీలో తన పేరు అడిగితే ఒక క్షణం ఆగి, ఏ పేరు చెప్పాలో ఆలోచించి చెబుతాడు. ఆ ఒక్క క్షణపు తడబాటును మిషన్ నివేదికలూ నమోదు చేయలేదు, జనగణన పట్టికలూ నమోదు చేయలేదు. బాప్తిస్మ పుస్తకాలలోని పేర్లను, అదే పల్లెల బడి రిజిష్టర్లను పక్కపక్కన పెట్టి చదివే పని తెలుగు పరిశోధకుల ముందు ఇంకా మిగిలే ఉంది.